పాత జీపులో బ్యాటరీ ఊరికే ఎందుకు దిగిపోతుంది?

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి నాలుగు రోజులు షెడ్డులో ఉండి అయిదో రోజు సెల్ఫ్ తీసుకోకపోతే, శ్రీకాకుళం నుంచి పార్వతీపురం దాకా ఎక్కడైనా మొదట వినిపించే మాట ఒకటే: "బేటరీ పోనాది, మార్చీయండి." కొత్తది వేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ అదే తంతు. కొత్తది కూడా పోయిందని షాపులో వారంటీ గొడవ, వాళ్లు ఒక పూట చార్జింగ్ పెట్టి "బ్యాటరీకి ఏటీ నేదు" అని తిరిగి ఇవ్వడం. ఈ గొడవలో అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు: బండి ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎటు పోతోంది?

రోజూ తిరిగే కారుకు చిన్నపాటి లీకేజీ ఉన్నా బయటపడదు. రాత్రి పోయినదాన్ని పొద్దున డైనమో నింపేస్తుంది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపు కొండ ఊళ్లకు తిరిగే పాత కమాండర్లు, ఆర్మడాలు, బొలెరోల సంగతి అలా కాదు. సంతనాడు తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా పరుగు, మిగతా వారమంతా చింతచెట్టు కింద నిలబాటు. మందస, పలాస వైపు జీడితోటల పనికి ఉంచుకున్న జిప్సీ అయితే పక్షం రోజులు కదలకపోవచ్చు. లీకేజీ ఎంత చిన్నదైనా ఇలాంటి బండి దాన్ని దాచలేదు.

ముందుగా తప్పు బ్యాటరీదా, బండిదా అన్నది తేల్చుకోవాలి. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. బ్యాటరీని నిండా చార్జింగ్ చేయించి బండిలో పెట్టి, నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, బండి మామూలుగా ఎన్ని రోజులకు మొరాయిస్తుందో అన్ని రోజులూ అలాగే వదిలేయాలి. ఆ తర్వాత టెర్మినల్ తగిలించి సెల్ఫ్ కొడితే ఇంజిన్ టక్కున అందుకుందంటే కరెంటును తింటున్నది బండే. అప్పుడు కూడా మూలిగితే లోపం బ్యాటరీలోనే ఉంది. చేతిలో మీటరు ఉంటే అంకెలతోనే చూడొచ్చు. కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. సరిగ్గా 12 చూపితే మిగిలింది పావు వంతే. పన్నెండు వోల్టుల బ్యాటరీకి పన్నెండు వోల్టులు ఉన్నాయి కదా అని నిమ్మళంగా ఉండేవాళ్లు చాలామంది కనిపిస్తారు. డీజిల్ ఇంజిన్ను తిప్పే శక్తి దానిలో ఉండకపోవచ్చు.

చార్జింగ్ సంగతి చప్పున తేలిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు వేయగానే 13 కిందకి జారిపోతుంటే బెల్టు వదులైనా అయి ఉండాలి, డైనమో అని అందరూ పిలిచే ఆల్టర్నేటర్లో బ్రష్షులైనా అరిగి ఉండాలి. అది వేరే జబ్బు.

ఈ రెండూ కాదని తేలాక లెక్కలోకి దిగాలి. 75 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఒక ఆంపియరు చొప్పున 75 గంటలు ఇవ్వగల) బ్యాటరీ అనుకుందాం. అయిదు వాట్ల చిన్న బల్బు ఒకటి వెలుగుతూ ఉండిపోతే అది లాగేది 0.42 ఆంపియర్లు. రోజుకు 10 ఏహెచ్. నాలుగు రోజులకు 40 ఏహెచ్, అంటే సగానికి పైనే ఖాళీ. అదే 50 మిల్లీ ఆంపియర్ల లీకేజీ అయితే రోజుకు 1.2 ఏహెచ్ మాత్రమే పోతుంది, పక్షం రోజులకు గానీ పావు వంతు తగ్గదు. కాబట్టి బండి ఎన్ని రోజులకు మొరాయిస్తోందో తెలిస్తే, మీటరు పెట్టకముందే లీకేజీ ఎంతో స్థూలంగా అంచనా కట్టొచ్చు. రాత్రి నిలిపితే పొద్దుటికి చచ్చే బండిలో మూడు నాలుగు ఆంపియర్లు పోతున్నాయి. అంత కరెంటు ఏ గడియారమూ, ఏ స్టీరియో మెమరీయో లాగలేదు. వారానికి మొరాయించే బండిలో పావు ఆంపియరు మించి ఉండదు. ఈ రెండు బండ్లలో వెతకాల్సిన చోట్లు వేరువేరు.

ఆరోగ్యంగా ఉన్న బండి ఎంత లాగాలి? కంప్యూటర్ లేని పాత డీజిల్ జీపులో స్టీరియో, గడియారం లేకపోతే దాదాపు సున్నా. అవి ఉంటే పది ఇరవై మిల్లీ ఆంపియర్లు. కామన్ రైల్ ఇంజిన్, ఇమ్మొబిలైజర్, సెంట్రల్ లాక్ ఉన్న తర్వాతి తరం బండ్లలో 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. కానీ తాళంచెవి తీసిన వెంటనే కొలిస్తే ఆ అంకె రాదు. లోపలి కంప్యూటర్లు నిద్రలోకి జారుకోవడానికి అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది.

కొలిచే పద్ధతి కష్టమేమీ కాదు గానీ తొందర పనికిరాదు. నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, మీటరు ఎర్రతీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక కొసను ఊడదీసిన కేబుల్‌కి, రెండో కొసను బ్యాటరీ నెగటివ్ పోస్టుకి పెట్టాలి. బండిలో పోయే కరెంటంతా ఇప్పుడు మీటరు గుండానే పోతుంది. ఈ స్థితిలో తాళం తిప్పి సెల్ఫ్ కొడితే మీటరు కాలిపోతుంది. చౌకగా దొరికే పసుపుపచ్చ మీటర్లలో చాలావాటికి 10 ఆంపియర్ల రంధ్రం వెనుక ఫ్యూజు కూడా ఉండదు. కొలవడం అయ్యాక ఎర్రతీగను తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చకుండా బ్యాటరీ మీద వోల్టులు చూడబోతే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. వర్క్‌షాపుల్లో మీటర్లు ఎక్కువగా చచ్చేది ఇలాగే.

కొందరు ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ దగ్గర క్లాంప్ మీటరు తెచ్చి కేబుల్ చుట్టూ బిగిస్తారు. సున్నా చూపిస్తుంది. లీకేజీ లేదని తేల్చేస్తారు. ఆ మీటర్లలో ఎక్కువ భాగం ఏసీ కరెంటునే చదువుతాయి, బండిలో ఉన్నది డీసీ. డీసీ చదివే క్లాంప్ మీటరు వేరే ఉంటుంది, దానిలోనూ మిల్లీ ఆంపియర్లు నిలకడగా చూపేది కావాలి. పాతకాలపు టెస్ట్ బల్బు పద్ధతికీ ఇలాంటి హద్దే ఉంది. కేబుల్‌కీ పోస్టుకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెడితే పెద్ద లీకేజీకి వెలుగుతుంది. 100 మిల్లీ ఆంపియర్లకు దానిలో ఫిలమెంటు ఎర్రబడను కూడా ఎర్రబడదు. బల్బు వెలగలేదు కనుక అంతా బాగుందనుకోవడం తప్పు.

మీటరు మీద అంకె కనబడగానే చాలామంది చేసే పని ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం. దానికంటే ముందు ఆ అంకెనే కాస్త చదవాలి. 0.4 దగ్గర ఉంటే చిన్న బల్బు ఒకటి: డాష్‌బోర్డు పెట్టె లోపలి లైటు, నంబరు ప్లేటు లైటు. 0.8 దగ్గర అయితే పది వాట్ల రూఫ్ లైటు, అంటే తలుపు దగ్గర స్విచ్ తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. 0.15 దగ్గర నిలిస్తే ఎక్కడో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కాయిల్ వదలకుండా పనిచేస్తూనే ఉంది. చీకట్లో బానెట్ ఎత్తి రిలేలను వేళ్లతో తడిమితే ఒకటి గోరువెచ్చగా తగులుతుంది. 3.5 కనిపిస్తే స్టాప్ లైట్లు రెండూ వెలుగుతున్నట్టే. బ్రేక్ పెడల్ వెనక్కి వచ్చినప్పుడు స్విచ్‌ను నొక్కే చోట ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది పొడిపొడిగా రాలిపోతుంది. స్విచ్ మొన ఆ కంతలోంచి దూరిపోతుంది, లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పగటిపూట గోడకి ఆనించి నిలిపిన జీపులో ఆ వెలుగు ఎవరికీ కనబడదు. పది గంటల్లో 35 ఏహెచ్ పోతుంది. ఆ రబ్బరు ముక్క ఖరీదు ఒక టీ ఖరీదంత కూడా ఉండదు.

అంకె నిలకడగా ఉండక 0.08, 0.2, 0.13 అంటూ ఊగుతుంటే అనుమానించాల్సింది తేమను గానీ నిద్రపోని కంప్యూటర్‌ను గానీ. పాత జీపులో కంప్యూటరే లేదు కనుక మిగిలింది తేమ.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. బ్యాటరీ దిగుతోందనగానే "ఎక్కడో వైరు షార్ట్ అయింది" అంటారు. ఒరిసిపోయిన వైరు నేరుగా బాడీకి తగిలితే నిదానంగా లీకవదు. ఫ్యూజు కొట్టేస్తుంది, ఫ్యూజు లేకపోతే పొగ వస్తుంది. రాత్రంతా నిశ్శబ్దంగా, పొగ లేకుండా కరెంటు పోవాలంటే దారిలో దాన్ని కొంత అడ్డుకునేది ఏదో ఉండాలి: బల్బు, కాయిల్, పాడైన డయోడు, ఉప్పుతేమ. కాబట్టి చట్రం కింద దూరి ఒరిసిన వైర్ల కోసం పూటంతా వెతకడం చాలాసార్లు వృథా శ్రమ.

ఫ్యూజులు పీకడంలో కూడా తెలివైన పద్ధతి ఉంది. పీకి మళ్లీ పెడితే కొన్ని సర్క్యూట్లు మేలుకుంటాయి, ఇరుక్కున్న రిలే విడివడి జాడే పోతుంది. ఫ్యూజును కదపకుండానే దాని వీపు మీద కనిపించే రెండు లోహపు చుక్కలకు మీటరు కొసలు ఆనించి మిల్లీ వోల్టులు చూడాలి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద ఒక మిల్లీ వోల్టు కనిపించినా దాని గుండా 100 మిల్లీ ఆంపియర్లకు పైగా పోతున్నట్టు. గాజు ఫ్యూజులున్న మరీ పాత జీపుల్లోనూ రెండు టోపీల మీద ఇలాగే చూడొచ్చు. కాకపోతే అక్కడ తుప్పు కూడా వోల్టులు చూపించగలదు, ముందు గీకి శుభ్రం చేయాలి.

అన్ని ఫ్యూజులూ చూశారు, సున్నాయే. అయినా అంకె తగ్గలేదు. పాత బండ్లలో ఇదే ఎక్కువగా ఎదురయ్యే పరిస్థితి, చాలామంది మెకానిక్కులు చేతులెత్తేసేదీ ఇక్కడే. కారణం ఏమిటంటే, బండి వయసు పెరిగేకొద్దీ ఫ్యూజు బాక్సు గుండా పోని కరెంటు పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన వైరింగ్‌లో కూడా సెల్ఫ్ మోటారు, డైనమో లావు కేబుళ్లు ఫ్యూజు బాక్సు తొక్కకుండానే పోతాయి. వాటికి తోడు ఇరవై ఏళ్లలో నలుగురు యజమానులు, పదిమంది ఎలక్ట్రీషియన్లు పెట్టిన అదనపు సరంజామా ఉంటుంది. కాబట్టి వెతుకులాట ఫ్యూజు బాక్సు దగ్గర కాకుండా బ్యాటరీ పాజిటివ్ బిగింపు దగ్గర మొదలవ్వాలి. అక్కడ ఎన్ని వైర్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. చాలా పాత జీపుల్లో కంపెనీ నుంచి వచ్చేవి రెండో మూడో. మిగతావన్నీ ఎవరో తర్వాత కలిపినవే: ఫాగ్ లైట్లు, గాలి హారన్, దేవుడి పటం చుట్టూ సీరియల్ లైట్లు, సెల్‌ఫోన్ చార్జర్, ఫైనాన్స్ వాళ్లు పెట్టించిన జీపీఎస్ ట్రాకర్. మీటరు మీద చూపు పెట్టి ఇంకో మనిషి చేత వాటిని ఒక్కొక్కటే విప్పిస్తే అంకె ఎక్కడ పడిపోతుందో అక్కడే సమాధానం. అన్నట్టు, అద్దం మీది ఫాస్టాగ్‌ను అనుమానించేవాళ్లూ ఉన్నారు. అది బండి బ్యాటరీ నుంచి ఒక్క మిల్లీ ఆంపియరు కూడా తీసుకోదు. టోల్ గేటు దగ్గరి రీడర్ పంపే తరంగాలతోనే పనిచేస్తుంది.

స్టీరియో దగ్గర మాత్రం కాస్త ఆగాలి. దాని వెనుక నుంచి వచ్చే వైర్లలో సాధారణంగా పసుపుది మెమరీకి, ఎప్పుడూ కరెంటు ఉండాలి. ఎర్రది తాళానికి, తాళం తిప్పితేనే కరెంటు రావాలి. బండి ఆపాక కూడా పాటలు వినాలన్న యజమాని ముచ్చట తీర్చడానికి ఫిట్టింగ్ చేసినవాళ్లు ఈ రెండింటినీ మెలిపెట్టి ఒకే టేపు చుట్టేస్తారు. ఇక స్టీరియోకు తాళం తీసేసిన సంగతే తెలియదు. ముందుభాగం చీకటిగానే ఉంటుంది, లోపల మాత్రం సగం మెలకువ. నీలం వైరు ద్వారా వెనుక సీటు కింది ఆంప్లిఫయర్‌ను కూడా మెలకువగా ఉంచితే మొత్తం కలిపి అర ఆంపియరు దాటొచ్చు. టేపు విప్పి రెండింటినీ విడదీసి, ఎర్రదాన్ని తాళం నుంచి వచ్చే వైరుకు కలిపితే చాలు. బండిలో ఇంకేదైనా పరీక్ష చేసే ముందు ఈ ఒక్క టేపు విప్పి చూడటం మంచిది.

తర్వాతి అనుమానం డైనమో. దానిలో ఏసీని డీసీగా మార్చే డయోడులు కరెంటును ఒకవైపే పోనివ్వాలి. ఒకటి పాడైతే బ్యాటరీ కరెంటు వెనక్కి తిరిగి డైనమో చుట్లలోకి పారుతుంది. తాళం తీసేశాక కూడా చార్జింగ్ లైటు మసకగా వెలుగుతుంటే ఇదే సూచన. రాత్రంతా ఆగిన బండిలో పొద్దున డైనమో ఒళ్లు కాస్త వెచ్చగా తగిలినా అంతే. బ్యాటరీ నెగటివ్ తీసి, డైనమో వెనుక లావు వైరును విప్పి, దాని కొసకు టేపు చుట్టి మళ్లీ కొలవాలి. అంకె పడిపోతే డయోడు ప్లేటు మార్చాల్సిందే. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకులకు సాయపడే వాక్యూమ్ పంపు డైనమో వెనుకే ఉంటుంది. దాని సీలు పోతే ఇంజినాయిల్ డైనమో లోపలికి చేరి బ్రష్షులనూ డయోడులనూ పాడుచేస్తుంది. అలాంటి బండిలో సీలు మార్చకుండా డయోడులు మాత్రమే మారిస్తే కొన్నాళ్లకే మళ్లీ విప్పుకోవాలి.

ఫోర్ వీల్ డ్రైవ్‌కే ప్రత్యేకమైనవి అనుకున్నంత ఎక్కువ లేవు. లివరు లాగి ఫోర్ వీల్ వేసే బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేరు పెట్టె) మీద ఉండేది ఒక చిన్న స్విచ్, దాని డాష్‌బోర్డు లైటు సాధారణంగా తాళం మీదే ఆధారపడుతుంది. గెడ్డలు (వాగులు) దాటే బండిలో ఆ స్విచ్‌లోకీ పక్కనే ఉన్న రివర్స్ లైటు స్విచ్‌లోకీ బురద చేరడం మామూలే, కానీ తాళం తీసేస్తే వాటి దాకా కరెంటే రాదు. మోటారుతో ఫోర్ వీల్ మారే తర్వాతి బండ్లలో అయితే ఆ కంట్రోల్ యూనిట్‌నూ అనుమానించాలి. విన్చ్ (దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు) ఉంటే దాని సోలినాయిడ్ పెట్టె, అంటే పెద్ద కరెంటును కలిపే అయస్కాంత స్విచ్, తప్పకుండా చూడాలి, అది నేరుగా బ్యాటరీకే కలిసి ఉంటుంది, బంపరు దగ్గర ఉండి నీళ్లన్నీ తాగుతుంది.

నీళ్లంటే గుర్తొచ్చేది ఈ జిల్లాల తీరం. నౌపడ ఉప్పు కొఠార్ల పక్కనో, కళింగపట్నం, భావనపాడు, బారువ ఊళ్లలోనో నిలిపే బండికి రాత్రిపూట పట్టే చెమ్మ ఉత్త నీరు కాదు, ఉప్పునీరు. స్వచ్ఛమైన నీటికంటే అది ఎన్నో రెట్లు బాగా కరెంటును మోస్తుంది. ట్రైలర్ సాకెట్లో, సెల్ఫ్ మోటారు సోలినాయిడ్ మీద, బ్యాటరీ పైభాగంలో అది పలచని పొరగా పరుచుకుని పాజిటివ్ నుంచి బాడీకి దారి వేస్తుంది. మధ్యాహ్నం ఎండలో వర్క్‌షాపుకి వచ్చేసరికి ఆ పొర ఆరిపోతుంది. మీటరు పెడితే ఏమీ ఉండదు. "మీ బండికి ఏ జబ్బూ లేదు" అంటారు, రాత్రికి మళ్లీ దిగిపోతుంది. అందుకే అలాంటి బండిని దిగిపోయే చోటే, దిగిపోయే వేళకే కొలవాలి. తెల్లవారుజామున, మంచు ఆరకముందు. అంతదాకా ఆగలేకపోతే స్ప్రే బాటిల్‌తో అనుమానం ఉన్న కనెక్టర్ల మీద ఒక్కొక్కదాని మీదా కాస్త నీరు చల్లి అంకె లేస్తోందేమో చూడొచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ లాంటి తుఫాను నీళ్లలో నానిన బండి అయితే కనెక్టర్లు ఊడదీసి లోపలి పచ్చని చిలుమును గీకేదాకా ఏ కొలతనూ నమ్మలేం.

బ్యాటరీ పైభాగాన్ని పరీక్షించడం సులువు. మీటరు వోల్టుల్లో పెట్టి నల్లకొస నెగటివ్ పోస్టుకి, ఎర్రకొస బ్యాటరీ ప్లాస్టిక్ మూత మీద పాజిటివ్ పోస్టు దగ్గర ఆనించాలి. వోల్టులు కనిపిస్తే ఆ మురికి పొర మీదుగా కరెంటు పాకుతున్నట్టే. వంటసోడా కలిపిన నీళ్లతో, సెల్ మూతల్లోకి చుక్క పోకుండా కడిగి, ఆరాక టెర్మినళ్లకు వాజ్‌లైన్ రాస్తే సరిపోతుంది. ఊడదీసిన బ్యాటరీని సిమెంటు గచ్చు మీద పెడితే దిగిపోతుందని చెక్క కింద పెట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. ప్లాస్టిక్ పెట్టెలు వచ్చాక ఆ భయానికి ఆధారం లేదు. చెక్క పెట్టినా నష్టం లేదనుకోండి.

లీకేజీ లేకుండానే లీకేజీలా కనిపించేది ఒకటుంది: ఇంజిన్‌కీ చట్రానికీ మధ్య ఎర్త్ పట్టీ. అది తుప్పు పడితే బ్యాటరీ నిండుగా ఉన్నా సెల్ఫ్ మూలుగుతుంది. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య వోల్టులు చూడాలి. పావు వోల్టు దాటితే పట్టీ విప్పి రెండు కొసలూ మెరిసేలా గీకి బిగించాలి.

ఈలోపు దిగిపోయిన బండిని లేపడానికి పక్క బండి నుంచి కరెంటు తీసుకునేవాళ్లు, ముఖ్యంగా లారీలకు పేరుపడ్డ సాలూరు వైపు, ఒకటి గమనించాలి. లారీలో ఉండేది 24 వోల్టులు. రెండు బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. చివరి కొసల నుంచి తీగలు వేస్తే జీపులో స్టీరియో, బల్బులు, డైనమో రెగ్యులేటరు ఒకేసారి పోతాయి. ఒక్క బ్యాటరీ రెండు పోస్టుల మధ్య నుంచే తీసుకోవాలి, రెండు బండ్ల బాడీలూ ఒకదానికొకటి తగలకూడదు.

లీకేజీ దొరికి, బాగయ్యాక కూడా బ్యాటరీ పాతస్థితికి వచ్చినట్టు అనుకోకూడదు. సగానికి పైగా దిగి రోజుల తరబడి అలాగే ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. 75 ఏహెచ్ బ్యాటరీకి ఏడెనిమిది ఆంపియర్లు మించకుండా నిదానంగా చార్జింగ్ పెట్టి, కొన్ని గంటలు ఆగి, హైడ్రోమీటరుతో (యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టం) ఆరు సెల్‌లూ చూడాలి. అయిదు ఒకేలా ఉండి ఒక్కటి బాగా తక్కువ చూపితే అప్పుడు మార్చడమే దారి. ఇక వారానికోసారి మాత్రమే కదిలే సంత జీపుకైతే లీకేజీ లేకపోయినా నెగటివ్ కేబుల్ మీద ఒక కటాఫ్ స్విచ్ పెట్టించుకోవడం మంచిది. కాకపోతే దాన్ని లీకేజీ వెతికాకే పెట్టాలి, వెతకడానికి బదులుగా కాదు. స్విచ్ ఆపడం మరిచిన రాత్రి అదే లీకేజీ మళ్లీ మొదలవుతుంది, పైగా రిలే వేడెక్కుతూనో, ఉప్పుతేమ కనెక్టరును తినేస్తూనో ఉంటే బండి తిరిగినంతసేపూ ఆ పని సాగుతూనే ఉంటుంది.